ఆకుపచ్చ బిరడా

చలిగదిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందు తుమ్ముతారు, తర్వాత మాట్లాడతారు. బాబాయి మాత్రం తుమ్మడు. ఇరవై రెండేళ్లుగా ఆ గది తాళాలు ఆయన నడుముకే వేలాడుతున్నాయి. ఆ సంస్థలో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని బాబాయి అనే పిలుస్తారు. పెద్ద మేడం కూడా అంతే.

గది పొడుగునా పద్నాలుగు ఫ్రీజర్లు, ఒక్కొక్కటీ నిలువెత్తు బీరువా అంత. లోపల సున్నాకి ఎనభై డిగ్రీల దిగువ చలి. ఆ చలిలో డబ్బాలు, డబ్బాల్లో చిటికెన వేలంత గొట్టాలు, గొట్టాల్లో మనుషుల రక్తం. పై మూడంతస్తుల్లో కూర్చున్న చదువుకున్నవాళ్లు ఆ రక్తంలోని రాతను కంప్యూటర్లకి ఎక్కించి, ఏ జబ్బు ఏ ఇంట్లో ఎందుకు దిగబడుతోందో పట్టుకోవాలని చూస్తుంటారు. వాళ్లు చూసేదేమిటో బాబాయికి తెలియదు. మూడో తరగతితో ఆయన చదువు సరి. ఏ గొట్టం ఏ ఫ్రీజర్లో, ఏ అరలో, ఏ డబ్బాలో, ఎన్నో గుంటలో ఉందో మాత్రం కళ్లు మూసుకుని చెబుతాడు.

ఆ సోమవారం పొద్దున ఆయన ఒక్కో ఫ్రీజరు ముందూ ఆగి అంకె చూసి రిజిస్టర్లో ఎక్కిస్తున్నాడు. రిజిస్టర్లో ప్రతి పనికీ రెండు గడులు ఉంటాయి. ఒకటి చేసినవారి సంతకానికి, రెండోది చూసినవారి సంతకానికి. ఒకరు చేసిన పని ఇంకొకరు కళ్లారా చూసి సంతకం పెట్టాలని నియమం. ఆ రెండో గడి అంటే బాబాయికి చిరాకు. తన పనిని ఇంకొకరు చూడటమేమిటని ఆయన లోపలి మాట. అందుకని ఎవరు ఖాళీగా కనబడితే వాళ్ల చేత వారానికోసారి ఆ గడులన్నీ నింపించేసేవాడు.

ఏడో ఫ్రీజరు దగ్గర ఉండగా ఫోను మోగింది.

"బాబాయ్, ఒకసారి పైకి వస్తారా? ఆ డబ్బా సంగతే," అంది పెద్ద మేడం.

ఆ డబ్బా అంటే ఏదో చెప్పక్కర్లేదు. నాలుగు రోజులుగా సంస్థంతా దాని మాటే.

పెద్ద మేడం గదిలో ఇంకో ఇద్దరు ఉన్నారు. ఒకతను లెక్కలబ్బాయి. కంప్యూటర్లో రక్తాల లెక్కలన్నీ అతనివే. అతను మనుషుల వంక కన్నా తెర వంకే ఎక్కువ చూస్తాడు. ఇంకొకామె చుక్కలమ్మాయి. గొట్టాలు కరిగించి, సన్నటి గొట్టంతో చుక్క చుక్కగా తీసి, డీఎన్‌ఏ వేరు చేసే పని ఆమెది. చుక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు, అంత నికరమైన చెయ్యి. అందుకే ఆ పేరు. ముప్పై దాటిన మనిషి, ఆరేళ్ల పిల్లవాడి తల్లి. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉద్యోగం. ఆ పొడిగింపు కాగితం మేడం బల్ల మీదే ఉంది, సంతకం లేకుండా.

"ఇంకోసారి చెప్పు," అంది మేడం లెక్కలబ్బాయితో.

"ఎనభై ఒక్క గొట్టాలండి. కాగితం మీద ఆడమనిషి అని ఉన్నచోట రక్తం మగమనిషిది వస్తోంది. మగమనిషి అన్నచోట ఆడమనిషిది. అలా ముప్పై ఎనిమిది తప్పాయి. మిగతావి సరిపోయినట్టు కనబడుతున్నాయి కానీ నమ్మలేం. ఒకరి రక్తం ఒకరి పేరు మీదకి వెళ్లిపోయింది."

"ఎలా వెళ్తుంది?"

"గొట్టాలు తీసేటప్పుడో, పోసేటప్పుడో కలగాపులగం అయ్యుండాలి. ఒక వరుస జరిగిందేమో అని జరిపి చూశా, కుదర్లేదు. డబ్బా అటుదిటు తిరిగిందేమో అని కూడా అడిగానండి. కానీ ఆకుపచ్చ బిరడా నలభై ఒకటిలోనే ఉందన్నారు."

"ఉంది," అంది చుక్కలమ్మాయి. "తీసేముందు నేను చూశాను. కాగితంలో నలభై ఒకటికి ఆకుపచ్చ బిరడా అని రాసుంది. అక్కడే ఉంది."

ఆ బిరడా కథ బాబాయికి తెలుసు. ఆరేళ్ల కింద ఆ డబ్బా నింపిన రోజున తెల్ల బిరడాలు ఒకటి తక్కువైతే ఆయనే వెతికి ఆకుపచ్చది తెచ్చిచ్చాడు. గొట్టాల మీద చేత్తో రాసిన అంకెలు చలికీ తుడుపుకీ చెరిగిపోయాక, ఆ డబ్బాలో మొహం చూసి గుర్తుపట్టగలిగింది అదొక్కటే. మిగతా ఎనభైకీ గుంట లెక్కే దిక్కు. మూత మీద ఒక మూలన నల్ల చుక్క ఉంటుంది. ఆ చుక్క కింద ఉన్నది ఒకటో గుంట. అక్కడి నుంచి వరుసకి తొమ్మిది చొప్పున తొమ్మిది వరుసలు.

మేడం రిజిస్టరు తెరిచింది. "మూడు వారాల కింద ఏడో ఫ్రీజర్లో మంచు గీకారు. తొమ్మిది డబ్బాలు బయటికి తీసి మళ్లీ పెట్టారు. చేసినవారు, బాబాయి. చూసినవారు..." వేలు పక్క గడి మీదకి జరిగింది. "మీరు. అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టారు. అంటే డబ్బా మీ చేతికి వచ్చేదాకా బాగానే ఉన్నట్టు. అవునా?"

చుక్కలమ్మాయి తలెత్తింది. బాబాయి వంక చూసింది.

ఆ చూపు ఆయనకి అర్థమైంది. ఆ రోజు ఆమె మెట్ల దగ్గర ఎదురైతే, "ఇదిగో, ఇక్కడో సంతకం గీకమ్మా," అని ఆయనే రిజిస్టరు చాపాడు. "చూడనా బాబాయ్?" అంది ఆమె. "నేను చేశాక చూసేదేముంది?" అన్నాడు. నవ్వి పెట్టేసింది. ఇప్పుడు ఆమె ఆ మాట బయటపెట్టలేదు. ఆయనే చెబుతాడేమో అని చూస్తోంది.

"బాబాయ్, మీరు చెప్పండి," అంది మేడం.

"నా చేతిలోంచి సరిగ్గానే వెళ్లింది," అన్నాడు బాబాయి.

అబద్ధం కాదు. ఆయనకి తెలిసిన నిజం అదే. మూతలు పెట్టాక ఒక్కో డబ్బా తెరిచి కాగితంతో సరిచూసుకున్నాడు. ఈ డబ్బాలో ఆకుపచ్చ బిరడా నడిమధ్యన నవ్వుతూ కనబడింది. అయినా సంతకం మాట దగ్గర నోరు పెగల్లేదు. అది వేరే సంగతిలే, దీనికీ దానికీ ఏం సంబంధం అనుకున్నాడు.

మేడం ఊపిరి వదిలింది. "ఇరవై రెండేళ్లలో ఆయన చేతి మీదుగా ఒక్క గొట్టం తప్పలేదు. ఆయన మాటకి ఇంక తిరుగేముంది?" పొడిగింపు కాగితాన్ని ఫైలు కింద పెట్టింది. "మీ మీద నాకు కోపమేం లేదమ్మా. కానీ ఈ డబ్బాని ఇంక వాడలేం. గురువారం కాల్చి పారేయించేస్తాం. మీ సంగతి కూడా ఆ రోజే తేలుస్తాను."

చుక్కలమ్మాయి లేచి కుర్చీని చప్పుడు కాకుండా లోపలికి జరిపి వెళ్లిపోయింది. బాబాయి మొహం చూడలేదు.

మంగళవారం ఆమెకి గొట్టాలు ముట్టుకునే పని ఇవ్వలేదు. ఖాళీ సీసాలు కడిగి ఎండబెట్టమన్నారు. ఆమె సీసాని వెలుతురుకి పెట్టి చూసి, మచ్చ కనబడితే మళ్లీ కడుగుతోంది. నడవాలో పోతున్న ఇద్దరు ఆమెని చూసి గొంతు తగ్గించారు.

ఆ నడవా గోడకే బాబాయి ఫోటో ఆనించి ఉంది. నాలుగు నెలల్లో ఆయన పదవీ విరమణ. శుక్రవారం వార్షికోత్సవం. తప్పెరగని చెయ్యి అని పెద్ద అక్షరాలతో రాయించి, ఆ రోజు గోడకి తగిలించాలని మేడం ముచ్చటపడి చేయించింది. ఫోటోలో ఆయన బిగుసుకుపోయి, ఇప్పుడే ఎవరో జేబు కొట్టేసినట్టు ఉన్నాడు.

"ఏం బాబాయ్, శుక్రవారం నుంచి నిన్ను చూడాలంటే టిక్కెట్టు కొనాలేమో!" అన్నాడు గేటు దగ్గరి కాపలా మనిషి.

"నీకు సగం ధరలే," అన్నాడు బాబాయి. నవ్వాడు గానీ ఆ నవ్వు మూతి దాటి పైకి పోలేదు.

మధ్యాహ్నం చలిగదిలో ఆ డబ్బా ముందు నిలబడ్డాడు. ఇంకా ఏడో ఫ్రీజర్లోనే ఉంది. పారేసే గుర్తుగా మీద ఎర్ర కాగితం అంటించారు.

ఆ డబ్బాలోని ఎనభై ఒక్క మందిలో చాలామందిని ఆయన చూశాడు. కండరాలు మెల్లగా కరిగిపోయే జబ్బు ఉన్న ఇళ్లవాళ్లు. ఆ రోజుల్లో రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లకి మెట్లెక్కలేని బాధ ఉంటుందని ఆయనే కింద వరండాలో కుర్చీలు వేయించాడు. వాళ్లలో ఒక బస్సు డ్రైవరు భార్య ఉండేది. చెయ్యి చాపి, సూది దిగుతుంటే, "ఇదిగో పెద్దాయనా, నా రక్తం జాగ్రత్తగా దాచాలి. మా ఆయన ఇల్లంతా వెతికినా ఆయన కళ్లజోడు ఆయనకే దొరకదు. మీరలా చెయ్యకండి," అంది. వరండా అంతా నవ్వింది. "నేను పోయినా అది ఉండాలి. నాకో కూతురుంది," అని చివర్లో మెల్లగా అంది.

రెండేళ్ల కింద ఆమె పోయింది. ఇప్పుడు కూతురికి మెట్లెక్కుతుంటే మోకాళ్లు వణుకుతున్నాయట. కూతురి రక్తంలో ఏదో తేడా కనబడింది. అది తల్లి జబ్బేనా, లేక ఏమీ చెయ్యని ఉత్త తేడానా అన్నది తల్లి రక్తం పక్కన పెట్టి చూస్తే తప్ప చెప్పలేమన్నారు. డ్రైవరు రెండు వారాలకోసారి వస్తాడు. ఏమీ అడగడు. కింద బల్ల మీద కూర్చుని, "ఇంకా కాలేదా?" అన్నట్టు చూసి వెళ్తాడు.

డెబ్భై మూడో గుంట ఆమెది. బాబాయికి కాగితం అక్కర్లేదు.

వెనక తలుపు చప్పుడైంది. చుక్కలమ్మాయి. తుమ్మింది. గూట్లో ఉన్న తన గ్లౌజులు తీసుకుంది.

"అన్నం తిన్నావా అమ్మా?" అన్నాడు బాబాయి.

"తిన్నాను."

గ్లౌజులు ఒకదాన్లో ఒకటి దోపుతూ తలుపు దాకా వెళ్లి ఆగింది.

"నేను చూడకుండా సంతకం పెట్టాను బాబాయ్. అది నా తప్పే. కానీ చూడనా అని అడిగాను. అడిగానా లేదా?"

"అడిగావు."

"ఆ ముక్క నిన్న అక్కడ మీరు అంటారనుకున్నాను."

ఆమె వెనకే తలుపు మూసుకుంది.

బుధవారం పొద్దున ఆయన భార్య వంటింట్లోంచి కేకేసింది. "ఏమయ్యా, ఈ గుడ్ల అట్ట ఎటు తిప్పి పెట్టావు?"

ముందురోజు సాయంత్రం అట్టెడు గుడ్లు ఆయనే తెచ్చాడు. కొట్టతను లెక్కపెట్టి, ఒక మూల ఉన్న రెండింటి మీదా వేలు పెట్టి, "ఈ రెండూ కాస్త చిట్లాయి, రేపు ముందు ఇవే వాడెయ్యండి," అని చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెప్పాడు. చెప్పి అట్టని గట్టు మీద పెట్టాడు.

"కిటికీ వైపు మూల అన్నావు. ఆ మూలవి పగలగొట్టాను, బంగారంలాంటి గుడ్లు. చిట్లినవేమో ఈ గోడ మూల కారి కారి అట్టంతా అంటుకుపోయింది. ఇదిగో చూడు."

"కిటికీ మూలే పెట్టాను."

"పెట్టావులే. గట్టు తుడిచేటప్పుడు తీసి మళ్లీ పెట్టింది కూడా నువ్వేగా?"

అవును. రాత్రి అన్నాల ముందు గట్టు తుడిచింది తనే. అట్ట ఎత్తి బల్ల మీద పెట్టి, గట్టు తుడిచి, మళ్లీ అట్ట పెట్టాడు. అట్ట అట్టలానే ఉంది. ముప్పై గుడ్లూ ముప్పై గుడ్లలానే ఉన్నాయి. ఎటు తిరిగిందో ఎవరికి తెలుస్తుంది?

బాబాయి గట్టు ముందు నిలబడిపోయాడు.

"కదులు, టీ పొంగుతోంది," అంది భార్య. ఆయన కదల్లేదు. అట్టలోంచి గుడ్లన్నీ తీసి గిన్నెలో పెట్టసాగాడు. తొమ్మిది మాత్రం ఉంచాడు, మూడు వరుసలు, వరుసకి మూడు. ఎనిమిది తెల్లవి. ఆ అట్టలో కలిసి వచ్చిన ఒకే ఒక్క గోధుమరంగు గుడ్డుని తీసి నడిమి గుంటలో పెట్టాడు.

"గుడ్లతో ఆటలేమిటయ్యా పొద్దున్నే?"

ఆయన బొగ్గు పెన్సిలుతో ఒక మూల గుడ్డు మీద చిన్న గీత పెట్టాడు. ఎడం పక్క, పై మూల. తర్వాత అట్టని రెండు చేతులా పట్టుకుని, ఇటు అంచు అటు వెళ్లేలా సగం చుట్టు తిప్పాడు. గీత ఉన్న గుడ్డు కుడి పక్క కింది మూలకి వచ్చేసింది. మొదటిది చివరికి. చివరిది మొదటికి. ప్రతి గుడ్డూ చోటు మారింది.

గోధుమరంగు గుడ్డు నడిమధ్యనే ఉంది.

మళ్లీ తిప్పాడు. అక్కడే ఉంది. ఎన్నిసార్లు తిప్పినా అది అక్కడే.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మంచు గీకిన రోజు కళ్లకి కట్టింది. మూతలకీ డబ్బాలకీ మధ్య మంచు పేరుకుని మూతలు సరిగ్గా కూర్చోవడం లేదు. తొమ్మిది మూతలూ తీసి ట్రాలీ మీద పేర్చి, ఒక్కోటీ గుడ్డతో తుడిచాడు. అలారం మోగేలోపు అన్నీ లోపల పడాలి. మందపాటి గ్లౌజులు. మూత మీద నల్ల చుక్క ఉంది, డబ్బా అడుగున ఏ గుర్తూ లేదు. మూత ఎటు పెడితే అదే ఒకటో గుంట. ఈ డబ్బా తెరిచి, ఆకుపచ్చది నడుమ ఉందా, ఉంది, సరే అనుకున్నాడు. మూత అటుదిటు తిరిగిందని ఆ బిరడా చెప్పదు, ఎప్పటికీ చెప్పలేదు. అది ఉన్నది నడిమి గుంటలో. చుక్కలమ్మాయీ దాన్నే చూసింది. చుక్క ఎటుంటే అటు నుంచి లెక్కపెట్టి, ఒక్క చుక్క కూడా తప్పకుండా తీసింది. లెక్కలబ్బాయి ఒక్కరోజూ చలిగదిలో అడుగుపెట్టినవాడు కాదు. అతనికి నలభై ఒకటి అంటే నిలువు వరుసలో ఒక అంకె. అది డబ్బాకి బొడ్డు అని అతనికేం తెలుసు?

"ఏమైందయ్యా? గుడ్లు చూసి అంత దిగులేంటి?" అని భార్య పక్కన కూలబడింది.

ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె అంతా విని, పొంగి పొయ్యి మీద పడ్డ టీని గుడ్డతో తుడిచింది.

"నీ ఫోటో ఎప్పుడు తగిలిస్తామన్నారు?"

"శుక్రవారం."

"ఇవాళ బుధవారమేగా. వేళ ఉంది. లే, చొక్కా వేసుకో." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆ గోధుమరంగు గుడ్డు ఇటివ్వు. అట్టు వేస్తాను, తినేసి వెళ్దువు గానీ."

తిన్నాడు. రుచి తెలియలేదు.

దారంతా మనసు ఒక చోట నిలవలేదు. నాలుగు నెలలు. ఎవరికీ తెలియదు. డబ్బా రేపు మంటలో పడిపోతే ఇంక తెలిసే దారే లేదు. గోడ మీద ఫోటో ఉంటుంది. చుక్కలమ్మాయి ఇంకో చోట పని వెతుక్కుంటుంది. ఆ ఇంకో చోటివాళ్లు, అక్కడెందుకు మానేశావమ్మా అంటారు. డ్రైవరు ఆ బల్ల మీద కూర్చుని చూసి వెళ్తాడు. ఈ ఆలోచన వచ్చినందుకే ఆయనకి తన మీద తనకి రోత పుట్టింది. బస్సు దిగాక అడుగు పెద్దది చేశాడు.

మేడం ఎవరితోనో ఫోనులో ఉంది. ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎప్పుడూ పిలిస్తే తప్ప పైకి రాని మనిషి వచ్చి నిలబడేసరికి ఆమె ఫోను పెట్టేసింది.

"తప్పు ఆ అమ్మాయిది కాదు. నాది," అన్నాడు.

"కూర్చోండి బాబాయ్. ఆమె మీద జాలితో..."

"జాలి కాదు. మూత తిప్పి పెట్టాను. ఆ అబ్బాయిని పిలవండి. ఒకటి ఉన్నచోట ఎనభై ఒకటి, రెండు ఉన్నచోట ఎనభై. అలా చివరిదాకా తిరగేసి చూడమనండి."

లెక్కలబ్బాయి కంప్యూటరు చేత్తో పట్టుకుని వచ్చాడు. "కానీ బాబాయ్, ఆకుపచ్చది నలభై ఒకటిలోనే..." అని మొదలుపెట్టాడు.

బాబాయి మేడం బల్ల మీది కాగితం ఒకటి తిరగేసి, తొమ్మిది చుక్కలు పెట్టి, నడిమి చుక్కని దిద్ది, కాగితాన్ని సగం చుట్టు తిప్పాడు. లెక్కలబ్బాయి ఆ కాగితాన్ని చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తలొంచుకుని మీటలు నొక్కసాగాడు.

బాబాయి చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. వేళ్లు ఒకదాన్ని ఒకటి నులుముకుంటున్నాయి.

"మేడం," అన్నాడు అబ్బాయి. "ఎనభై ఒకటికి ఎనభై ఒకటీ సరిపోయాయి. అన్నదమ్ములన్నచోట అన్నదమ్ముల రక్తమే. తల్లీబిడ్డలన్నచోట తల్లీబిడ్డలదే. ఒక్కటి కూడా తప్పలేదు."

"అంటే..."

"అంటే ఆవిడ పనిలో ఒక్క చుక్క కూడా తేడా రాలేదండి. ఇంత శుభ్రంగా తీసిన డబ్బా ఈ ఏడాదిలో నేను చూడలేదు. కలగాపులగం అయ్యుంటే ఇలా తిరగేసినా కుదరదు. ఆవిడ సరిగ్గా తీసింది కాబట్టే కుదిరింది."

"డెబ్భై మూడు?" అన్నాడు బాబాయి.

"ఏంటి?"

"డెబ్భై మూడో గుంట. అది ఎవరిదని వస్తోంది?"

అబ్బాయి తెర మీద వెతికాడు. "ఇప్పటిదాకా ఎవరో ముసలాయన పేరు మీద ఉంది. ఇప్పుడు... ఆ డ్రైవరు గారి భార్యది. కూతురి రక్తంతో కలుస్తోంది. తల్లే."

బాబాయి అప్పుడు కూర్చున్నాడు.

పెద్ద మేడం ఫైలు కింది కాగితం బయటికి తీసి సంతకం పెట్టింది. తర్వాత రిజిస్టరు తెరిచి ఆయన ముందుకి తోసింది. "రాయాలి బాబాయ్. నియమం. ఏం జరిగింది, ఎవరి వల్ల. నేను రాయనా?"

"నేనే రాస్తా."

ఇరవై రెండేళ్లలో ఆ రిజిస్టర్లో ఆయన అంకెలూ సంతకమూ తప్ప ఇంకేమీ రాయలేదు. కలం గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ దున్నినట్టు రాశాడు. మూత తిప్పి పెట్టాను. చూస్తానన్న మనిషిని చూడనివ్వలేదు. కింద తన పేరు. రెండో వాక్యం చదివి మేడం తలెత్తింది. "ఇది ఆమె నాకు చెప్పలేదే," అంది.

"చెప్పదు. నేను చెబుతానని చూసింది."

మేడం మాటలు ఏరుకుంటూ చెప్పింది, తాళాలు ఇంక ఇద్దరి దగ్గర ఉంటాయని, ఆయనకో మెమో తప్పదని. "ఫోటో..." అని ఆగింది.

"అక్కర్లేదమ్మా. అందులో నేను బాగా లేను కూడా," అన్నాడు బాబాయి. మేడంకి నవ్వు రాబోయి ఆగింది.

సంగతి సాయంత్రంలోగా మూడంతస్తులూ దిగి గేటు దాకా వెళ్లింది. కాపలా మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. తల మాత్రం ఊపాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

గురువారం చుక్కలమ్మాయి పొద్దున్నే చలిగదికి వచ్చింది. తుమ్మింది. ఏడో ఫ్రీజరు తెరిచి, డబ్బా మీది ఎర్ర కాగితం గోటితో గీరి, ఉండ చుట్టి బుట్టలో వేసింది. డబ్బాని పొడి మంచు పరిచిన ట్రే మీద పెట్టింది. బాబాయి పక్కన నిలబడ్డాడు.

"మూడు రోజులు అందరూ నన్ను ఎలా చూశారో తెలుసా బాబాయ్?" అంది చివరికి, డబ్బా వంకే చూస్తూ. "అందరూ చూశారంటే సర్దుకున్నాను. మీరు తెలిసీ ఊరుకున్నారు చూడండి, అదీ..."

"నిజమే," అన్నాడు.

"నిజమే అంటే సరిపోతుందా?"

"సరిపోదు."

ఫ్రీజర్ల హోరు గదంతా నిండింది. ట్రే నుంచి తెల్లటి పొగ బల్ల అంచు దాటి కిందికి జారుతోంది. కాసేపటికి ఆమె డబ్బాని రెండు చేతులా ఆయన వైపు జరిపింది.

"మీరే తిప్పండి."

బాబాయి గ్లౌజులు వేసుకున్నాడు. మూత పైకి ఎత్తాడు. తొమ్మిది వరుసల తెల్ల బిరడాల నడుమ ఆకుపచ్చది, ఏమీ ఎరగనట్టు. మూతని సగం చుట్టు తిప్పి దించాడు. కిర్రుమని కూర్చుంది. ఆమె కోటు జేబులోంచి నల్ల కలం తీసి, మూత మీది చుక్కకి సరిగ్గా కింద, డబ్బా గోడ మీద కూడా ఒక చుక్క పెట్టింది. రెండు చుక్కలూ ఒకదాని కింద ఒకటి నిలిచాయి.

"ఇంకో ఎనిమిది ఉన్నాయి కదా, ఆ రోజు తీసినవి?" అంది.

"ఎనిమిది కాదు. ఈ గదిలో మొత్తం రెండు వేల పైచిలుకు."

"అమ్మో! నాలుగు నెలల్లో అయ్యేనా?"

"ఇద్దరం పడితే అవుతుంది."

ఆమె మూతి ఒక పక్క కదిలింది. "ఆ ఫోటో తెప్పించి ఈ గదిలోనే తగిలిద్దామా, తలకిందులుగా?"

"తగిలించు. అలాగైనా బాగుంటానేమో."

ఆమె నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడానికి తుమ్మింది.

బాబాయి డబ్బాని అరలో పెట్టి, ఫ్రీజరు తలుపు మూయబోయి ఆగాడు. మొదటి గడిలో సంతకం పెట్టాడు. రిజిస్టర్ని ఆమె వైపు తిప్పలేదు. ముందు తలుపు బార్లా తెరిచి, తను ఒక అడుగు వెనక్కి జరిగాడు.

"నేను పెట్టింది సరిగ్గా ఉందో లేదో, నువ్వు ఒకసారి చూడమ్మా," అన్నాడు.

ఆమె వంగి, తీరిగ్గా చూసింది.